మార్గరెట్ కడుపులో కొబ్బరి పీచు

నేను ఒక పంపును. పెరట్లో బిందెలు నింపే పంపును కాను, సైకిలు ట్యూబుకి గాలి కొట్టే పంపునూ కాను. సముద్రం మీద తిరిగే తెరచాప పడవలో, అట్టడుగున చేరే నీళ్లను పీల్చి బయటికి ఉమ్మే చేతి పంపును. తెలిసినవాళ్లు బిల్జ్ పంపు అంటారు. నీళ్లు లేనప్పుడు ఎవరూ ఏమీ అనరు.

2016 మార్చి పదో తేదీ నాకు బాగా గుర్తు. ఆ రోజు కాకినాడ జెట్టీలో మా పడవ మీద అందరూ పులిహోర, పూర్ణం బూరెలు, పెరుగావడలు తిన్నారు. నేను గుప్పెడు కొబ్బరి పీచు, పసుపు కలిసిన అక్షింతలు, సగం నిమ్మతొక్క తిన్నాను. నాకెవరూ వడ్డించలేదు, అవే వచ్చి నోట్లో పడ్డాయి. ఆ భోజనం నాకు అరక్కపోవడం వల్ల ఒక పళ్ల డాక్టరుగారి జీవితాశయం ఐస్‌క్రీము కొట్టుగా మారిపోయేదే. ఆ సంగతి చెప్పాలనే ఇప్పుడు నోరు తెరిచాను. అయితే ముందు పుట్టుక చెప్పుకోవాలి కదా, లేకపోతే ఆత్మకథ అని ఎవరూ ఒప్పుకోరు.

నేను పుట్టింది ఇంగ్లండులో, ఎప్పుడూ వాన కురిసే ఒక ఊళ్లో. అల్యూమినియం కరిగించి నా పొట్ట పోశారు. లోపల రబ్బరు పొర అమర్చారు, అదే నా ఊపిరి. రెండు రబ్బరు నాలుకలు పెట్టారు. మొదటిది నీళ్లను లోపలికి రానిస్తుంది గాని వెనక్కి పోనివ్వదు. రెండోది బయటికి పోనిస్తుంది గాని మళ్లీ లోపలికి రానివ్వదు. ఉన్న ఒక్క నాలుకతోనే రెండు పనులూ చెయ్యబోయి మనుషులు పడే అవస్థ తర్వాతి కాలంలో చాలా చూశాను.

నన్ను మార్గరెట్ అనే పడవలో బిగించారు. మొదటి యజమాని తెల్ల గడ్డం దొర. ఒంటరిగా తిరిగేవాడు కాబట్టి పడవతో మాట్లాడేవాడు. పడవ పలకకపోతే నాతో మాట్లాడేవాడు. ఆదివారం వచ్చిందంటే నన్ను ఊరికే కాసేపు ఆడించి, పిడికి గ్రీజు రాసి, వీపు తుడిచేవాడు. ఒక తుఫానులో తెల్లవార్లూ నన్ను కొడుతూనే ఉన్నాడు. గాలి తగ్గాక నా పక్కనే కూలబడి టీ తాగుతూ, నా నెత్తిన కూడా నాలుగు చుక్కలు పోశాడు. నాకు టీ పనికిరాదు. అయినా ఆ వెచ్చదనం ఇప్పటికీ మరవలేదు.

సముద్రాలన్నీ దాటి విశాఖపట్నం చేరేసరికి ఆయన మోకాళ్లు మొరాయించాయి. పడవని ఒక రొయ్యల వ్యాపారికి అమ్మేసి విమానంలో ఇంటికి వెళ్లిపోయాడు. విమానం ఎక్కాలంటే భయమని వెళ్లే ముందు నాతోనే చెప్పుకున్నాడు.

రొయ్యలాయన పడవని కాకినాడ తెచ్చి జెట్టీకి కట్టించాడు. ఆ తాడు మళ్లీ విప్పలేదు. స్నేహితులని పిలిచి, తెరచాప నీడలో పేకాడించి, ‘సముద్రం మీద గడపడమంటే ఇదీ’ అనేవాడు. నా పిడి ఊడదీసి దాంతో ఐసుగడ్డలు పగలగొట్టేవారు. అడుగున నీళ్లుంటే ఉన్నాయి, లేకపోతే లేవు. నా గొంతు ఎండి, నాలుకలు అట్టకట్టుకుపోయాయి.

అటువంటి రోజుల్లో వచ్చారు డాక్టర్ పెద్దింటి వామనరావుగారు.

కాకినాడలో ఆయన చెయ్యి పడని దవడ లేదంటారు. అరవై దాటాక ప్రాక్టీసు పొద్దుటిపూటకి కుదించుకుని, మిగతా పొద్దంతా ఒక్క ఆలోచనతో గడిపేవారు: సొంత తెరచాప పడవలో అండమాన్ వెళ్లాలి. దానికి పడవ వెతుకుతూ గోవా వెళ్లారు. అక్కడ చూపించినదానికి నిలువెత్తు అద్దాల కిటికీలు. ‘కెరటం వచ్చి తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని అడుగుతుందా?’ అని తిరిగొచ్చేశారు. కొచ్చిలో ఇంకోటి చూశారు. మూడు పడకగదులు, షోకైన వంటిల్లు, అడుగున బరువు మాత్రం బొత్తిగా లేదు. గాలి తోసి పడుకోబెడితే మళ్లీ లేచి నిలబడే పడవ కాదది. ‘ఇది తేలే ఫ్లాటు, పడవ కాదు’ అన్నారు. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చారు.

వెంట ఆయన బావమరిది గోవర్ధనం ఉన్నాడు. పెళ్లిళ్లకి షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే సప్లయర్స్ కంపెనీ అతనిది. ఏ వస్తువుని చూసినా అందులో ఎంతమంది పడతారా అని లెక్కవేస్తాడు.

“బావగారూ, ఎంతమంది కూర్చోవచ్చంటారు?”

“కూర్చోడానికి కాదురా, మునక్కుండా ఉండడానికి కొంటున్నాను.”

“అది సరేనండి. టీవీ ఏ గోడకి?”

డాక్టరుగారు జేబులోంచి పళ్లు చూసే చిన్న అద్దం, చిన్న సుత్తి తీసి, పడవ పొడుగునా టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ పోయారు. ఎక్కడన్నా మోత మెత్తగా వినిపిస్తే సుద్దముక్కతో గుండ్రంగా గీసి, “ఇక్కడ పుచ్చు” అనేవారు. అడుగున వేలాడే సీసపు బరువు, చుక్కాని, తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే ఉక్కు తాళ్లు, ఒక్కొక్కటే అద్దం పెట్టి చూశారు. చివరికి నేల చెక్క ఎత్తి నన్ను చూశారు. పిడి పట్టి ఆడించారు. గొంతులోంచి గుర్రుమనే చప్పుడు తప్ప నాకేమీ రాలేదు.

“అయ్యో, నోరు ఎండిపోయింది పాపం,” అన్నారు. తను తాగుతున్న సీసాలో మంచినీళ్లు నా గొట్టంలో పోశారు. పడవ కొనాలని ఆయన అప్పుడే నిశ్చయించుకున్నారని నా నమ్మకం. తెరచాపలకి వేరే అభిప్రాయం ఉండవచ్చు.

మర్నాడు ఆయన భార్య భ్రమరాంబగారు వచ్చారు. పడవ వెనక రాసిన పేరు చదివి నడుం మీద చేతులు వేసుకున్నారు.

“ఎవరండీ ఈ మార్గరెట్?”

“ఎవరో నాకేం తెలుసు! ఆ దొర పెట్టుకున్న పేరు. నీ పేరు రాయిస్తానుండు.”

ఆవిడ ఒక్క క్షణం మురిసి, వెంటనే తేరుకున్నారు. “వద్దు బాబూ. రేపెవరన్నా ‘భ్రమరాంబ మునిగిపోయింది’ అంటే వినడానికి బాగుంటుందా? మార్గరెట్‌నే ఉండనివ్వండి.”

అలా పాత పేరే ఖాయమైంది.

ఆ తర్వాత మార్గరెట్‌ని ఒడ్డుకి లాగి నిలబెట్టారు. వైద్యం మొదలైంది. అడుగున పట్టిన గుల్లలని డాక్టరుగారు పళ్ల గార తీసే పనిముట్టుతో ఒక్కొక్కటే పెకలించారు. గీకే ఇనపరేకు తీసుకుంటే ఒక పూటలో అయ్యే పని. ఆయనకి మాత్రం ప్రతి గుల్ల దగ్గరా ఆగి, “నొప్పిగా ఉందా?” అని అడగడం అలవాటు. పడవ ఒంటి మీది పొక్కులని తొలిచి, ఆరబెట్టి, మందు నింపి, నునుపు చేశారు. ఆ రోజుల్లో క్లినిక్‌లో ఒక పేషెంటుతో, “ముందు బాగా గీకి, రెండు కోట్లు వేసి, ఎండలో ఆరబెడదాం,” అన్నారట. ఆ పేషెంటు మళ్లీ రాలేదు.

సాయంత్రం పూట గోవర్ధనం వచ్చి కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

“ఏంటి బావగారూ, మార్గరెట్‌కి దవడపళ్లు వచ్చాయా?”

“నీకు జ్ఞానదంతం వచ్చాక చెప్తాలే.”

భ్రమరాంబగారు ఫ్లాస్కులో కాఫీ తెచ్చి ఇద్దరికీ పోసి, భర్త భుజం మీది రంగు దుమ్ము కొంగుతో దులిపి వెళ్లేవారు. ఏమీ అనేవారు కాదు. ఏమీ అనకపోవడం ఎంత పెద్ద ఉపకారమో నాలాటి మూగజీవికి తెలుస్తుంది.

ఆవిడ అన్న మాట ఒకటే. పని పూర్తికావస్తుండగా చెప్పారు. “చూడండి, అండమాన్ అంటే నాకు భయం. ముందు విశాఖపట్నం దాకా తీసుకెళ్లండి. ఒడ్డు చేరేలోపు ఈ పడవ నా కాళ్లు తడపకూడదు. తడపలేదా, అండమాన్‌కి నేనూ వస్తాను. తడిపిందా, ఆ బీచ్ రిసార్టాయన అడుగుతున్నాడు కదా, ఇచ్చెయ్యండి.”

రిసార్టాయన అడుగుతున్న మాట నిజమే. మార్గరెట్‌ని తన లాన్‌లో నిలబెట్టి, పొట్టకి కిటికీ కోసి, అందులోంచి ఐస్‌క్రీము అమ్ముతాడట. డాక్టరుగారు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని గోవర్ధనం చెప్పాడు. ఆవిడ రాకపోతే ఆయన వెళ్లరు. ఒక్కరే వెళ్లే ఆశ ఆయనకి ఏనాడూ లేదు.

అప్పట్నించి పని ఇంకా జోరందుకుంది. ప్రతి గొట్టానికీ కొత్త క్లిప్పు, ప్రతి వాల్వుకీ పక్కనే తాడుతో కట్టిన చెక్క బిరడా. నన్ను పూర్తిగా విప్పి కొత్త నాలుకలు వేశారు. నా గొట్టం చివర జల్లెడ ఒకటి ఉంటుంది, చెత్త లోపలికి రాకుండా. అదెంత జిడ్డోడిందో చూసి డాక్టరుగారు దాన్ని క్లినిక్‌కి పట్టుకెళ్లి, కట్టుడుపళ్లు నానబెట్టే ద్రావకంలో వేశారు. జల్లెడ లేని నోటితో నేను ఎదురుచూస్తూ ఉండిపోయాను.

మార్గరెట్‌ని మళ్లీ నీళ్లలోకి దించి జెట్టీకి కట్టారు. మార్చి పదిన ముహూర్తం. కారు కొంటే పూజ చేస్తాం, పడవ కొని చెయ్యకపోతే ఎలా? పురోహితుడుగారు ఎన్నో లారీలకి, ట్రాక్టర్లకి పూజలు చేసినవారే. నాలుగు నిమ్మకాయలు చేత్తో పట్టుకుని పడవ మీద ఈ చివర నించి ఆ చివరికి రెండుసార్లు తిరిగారు.

“చక్రాలు ఎక్కడండీ డాక్టరుగారూ?”

“చక్రాలుండవండి. స్టీరింగు చక్రం ఒకటుంది.”

“దాన్ని నిమ్మకాయ మీంచి నడపడం కుదరదు కదండీ.”

గోవర్ధనం తీర్పు చెప్పాడు. “ఒక కాయ లంగరు కింద పెట్టండి. మిగతావి పులిహోరలోకి.”

తర్వాత కొబ్బరికాయ. పురోహితుడుగారు పడవ ముక్కు మీద కొట్టబోతే డాక్టరుగారు అడ్డుపడ్డారు. “అమ్మో! ఎనామిల్ పోతుంది!” మరి ఎక్కడ కొట్టాలి? వాహనానికి గుండెకాయ ఎక్కడుంటే అక్కడ అన్నారు పురోహితుడుగారు. పడవ గుండెకాయ అంటే అడుగు బరువుని పట్టి ఉంచే ఇనుప బోల్టులే అన్నారు డాక్టరుగారు. ఇంకేముంది, నేల చెక్క ఎత్తి, నా పక్కనున్న బోల్టు మీద భ్రమరాంబగారు స్వయంగా టెంకాయ కొట్టారు. ఒక్క దెబ్బకే పగిలింది. చిప్పలు పైకి తీసుకున్నారు. పీచు, అక్షింతలు, బోల్టు మీద పిండిన సగం నిమ్మతొక్క కిందే ఉండిపోయాయి. పూజ చేసిన చోటు ఆ రోజు ఊడవకూడదన్నారు ఆవిడ. చెక్క మూసేశారు.

భోజనాలయ్యాక, గోవర్ధనాన్ని కూడా ఎక్కించుకుని, తాడు విప్పారు. నైరుతి గాలి వీపున చెయ్యి వేసి నెట్టినట్టుగా వీస్తోంది. రొయ్యలాయన చేతిలో ఏళ్లతరబడి కుక్కలా కట్టేసి ఉన్న మార్గరెట్ ఒక్కసారి ఒళ్లు విరుచుకుని, పక్కకి ఒరిగి, నీళ్లు కోసుకుంటూ కదిలింది. డాక్టరుగారి ముఖం చూడాలి. పన్ను పీకించుకున్నవాళ్ల ముఖాలే ఎప్పుడూ చూసిన మనిషికి అంత నవ్వు ఎక్కడినించి వచ్చిందో.

భ్రమరాంబగారు లోపల బల్ల మీద బాసింపట్టు వేసుకుని, కాళ్లు చీరలోకి ముడుచుకుని, జంతికలు తింటూ కూర్చున్నారు. చెప్పులు కింద వదిలారు. పందెంలో ఎక్కడా మోసం జరక్కూడదని ఆవిడ పట్టుదల.

సూర్యుడు తీరం వైపు కొండల మీద వాలుతున్నాడు. గాలి కాస్త పెరిగింది, పడవ ఇంకాస్త ఒరిగింది. ముఖం కడుక్కునే తొట్టి కింద, డాక్టరుగారు ప్రతి గొట్టానికీ వేసిన కొత్త క్లిప్పుల్లో ఒకటి, ఆయన పురోహితుడుగారితో మాట్లాడుతూ సగమే బిగించినది, మెల్లగా జారింది. తొట్టి నీళ్లని సముద్రంలోకి వదిలే గొట్టం ఊడింది. బంగాళాఖాతం లోపలికి రావడం మొదలుపెట్టింది.

నాకొక చెల్లెలు ఉంది, కరెంటు పంపు. నీళ్లు పెరిగితే తనంతట తానే పనిచేస్తుందని పేరు. నీళ్లు తగలగానే ఫ్యూజు పోగొట్టుకుని ఊరుకుంది.

కాసేపటికి భ్రమరాంబగారు జంతిక కొరకడం ఆపారు.

“ఏవండీ! నా చెప్పు నడుస్తోంది.”

“ఆఁ?”

“చెప్పేనండీ, నా కాలి చెప్పు! నేను ఇక్కడ కూర్చునుంటే, అది తలుపు వైపు పోతోంది.”

డాక్టరుగారు స్టీరింగు గోవర్ధనానికి అప్పగించి కిందికి దూకారు. నేల చెక్కల మీద అరడుగు నీళ్లు. ఒక్క అంగలో నా దగ్గరికి వచ్చి పిడి పట్టుకుని లాగారు. నేను పీల్చాను. నీళ్లకి ముందు కొబ్బరి పీచు వచ్చింది. వెంట అక్షింతలు. ఆ వెనకే నిమ్మతొక్క వచ్చి గొంతుకి మూతలా పడింది. ఎన్నో సముద్రాలు ఉమ్మేసినవాణ్ని, ఒక పూజసామాను ముందు ఓడిపోయాను.

ఆయన నుదుటికి లైటు కట్టుకుని నా మూత విప్పారు. “నోరు తెరువు, పెద్దగా తెరువు,” అంటూ పళ్లు పీకే పటకారు లోపల పెట్టారు. ఒక చేత్తో నా నాలుకలని పట్టుకోవాలి, జారి నీళ్లలో పడ్డాయంటే ఇక దొరకవు. రెండో చేత్తో పీచు లాగాలి. కాని తొట్టి కింద వాల్వు మూసేదాకా నీళ్లు వస్తూనే ఉంటాయి.

“గోవర్ధనం! కిందికొచ్చి తొట్టి కింద ఎర్ర పిడి అడ్డంగా తిప్పరా!”

పైనించి ఏడుపుగొంతు. “నేను చక్రం వదిలితే అండమాన్ ఇప్పుడే వెళ్లిపోతాం బావగారూ!”

ఇక మిగిలింది ఒక్కరే. డాక్టరుగారు ఆవిడ వైపు చూశారు. వెంటనే చూపు తిప్పుకున్నారు.

“నువ్వు దిగొద్దు భ్రమరా. కాళ్లు తడుస్తాయి. నేనే ఎలాగో చూస్తాను.”

పడవ నిండుతోంది, ఆయన చేతులు రెండూ నా నోట్లో ఉన్నాయి. అయినా ఆ మాట అన్నారు. పందెం గురించి అన్నారో, ఆవిడకి చలి చేస్తుందని అన్నారో ఆయనకే తెలిసి ఉండదు.

భ్రమరాంబగారు ఆయన్ని అలాగే చూశారు.

“మునిగితే కాళ్లొక్కటే తడుస్తాయా అండీ?”

జంతికల డబ్బా మూతపెట్టి పక్కన ఉంచారు. కొంగు నడుముకి బిగించారు. కాళ్లు కిందికి పెట్టారు. చీలమండలు మునిగాయి, తర్వాత పిక్కలు. గోడ పట్టుకుంటూ తొట్టి దగ్గరికి పోయి, వంగి, తడిమి, ఎర్ర పిడిని బలంగా అడ్డం తిప్పారు. బంగాళాఖాతం ఆగిపోయింది.

అదే సమయానికి నా గొంతులోంచి పటకారుకి చిక్కి ఒక పెద్ద పోగు బయటికి వచ్చింది. డాక్టరుగారు లైటు కింద పట్టి చూశారు.

“ఇదేంటి? కొబ్బరి పీచు!”

ఆవిడ ముఖం పాలిపోయింది. అంతలోనే కళ్లు చిన్నవయ్యాయి. “పీచు సరే. చెత్త లోపలికి పోకుండా జల్లెడ ఉంటుందని చెప్పారే, అదేదీ?”

డాక్టరుగారు పటకారు జేబులో పెట్టుకున్నారు. “క్లినిక్‌లో ఉంది. గ్లాసులో. శేషమాంబగారి పళ్లసెట్టు పక్కన.”

ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. నా నోరు తెరిచే ఉంది కాబట్టి నేనే అయి ఉండవచ్చు. నీళ్లలో నిలబడి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. పైన గోవర్ధనం మాత్రం, “ఏడవకు అక్కా! ఏడవకు! దేవుడున్నాడు!” అని అరుస్తున్నాడు.

నా మూత బిగించాక డాక్టరుగారు కొట్టడం మొదలుపెట్టారు. కాసేపటికే భుజం పట్టేసింది. ఆవిడ ఆయన్ని మోచేత్తో నెట్టి, “జరగండి,” అని పిడి అందుకున్నారు. పెసరట్ల పిండి రుబ్బిన చెయ్యి అది. తొందరలేదు, ఆయాసం లేదు. లాగడం, తొయ్యడం. నా జీవితంలో అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న రోజు లేదు. వెలుగు పూర్తిగా పోకముందే నేల చెక్కలు బయటపడ్డాయి.

మర్నాడు పొద్దున విశాఖపట్నం జెట్టీలో, పందెం సంగతి తెలిసిన రిసార్టాయన కొలతల టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గోవర్ధనం ఒడ్డు మీద కాలు పెట్టగానే ప్రాణం లేచి వచ్చి, తీర్పులు చెప్పే పాత గొంతు తెచ్చుకున్నాడు.

“పందెం పందెమే అక్కా. మోకాళ్లదాకా తడిశావు. నా కళ్లతో చూశాను.”

“నువ్వు కళ్లు మూసుకుని చక్రం పట్టుకున్నావు కదరా?”

డాక్టరుగారు తల వంచుకునే ఉన్నారు. “వాడు చెప్పింది నిజమే భ్రమరా. తడిశాయి. మాట ఇచ్చాను.” తాళంచెవి తీసి రిసార్టాయనకి ఇవ్వబోయారు.

భ్రమరాంబగారు మధ్యలోనే తాళంచెవి అందుకున్నారు.

“తమ్ముడూ, నేను పెట్టిన షరతేంటి? ఈ పడవ నా కాళ్లు తడపకూడదని. బల్ల మీద ఉన్నంతసేపూ నా కాళ్లు పొడిగానే ఉన్నాయి. ఆయన దిగొద్దనే అన్నారు. దిగింది నేను. పడవ తడపలేదు, నేనే తడుపుకున్నాను.”

“మరి నువ్వు దిగకపోతే?”

“దిగకపోతే అన్న మాట షరతులో లేదు.”

రిసార్టాయన టేపు చుట్టుకుంటూ, “అమ్మా, మేమైతే వానచుక్క పడకుండా షెడ్డు వేస్తాం దీనికి,” అన్నాడు ఆశగా.

“షెడ్డులో పెట్టడానికి ఇది పచ్చడి జాడీ కాదండీ,” అన్నారావిడ. తర్వాత భర్త వైపు తిరిగి, గొంతు తగ్గించి, “అండమాన్‌కి ఎప్పుడు బయల్దేరతాం?” అని అడిగారు.

డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడుచుకున్నారు.

మనుషులు కొన్నిసార్లు తమ మాట తామే చేతులారా వంచి, అది వంగనే లేదని వాదిస్తారు. చిన్నప్పుడైతే దాన్ని మోసం అనుకునేవాణ్ని. నాకు ఇచ్చిన నాలుకలు ఒకే వైపు తెరుచుకుంటాయి కాబట్టి ఆ విద్య నాకు రాదు. వస్తే బాగుండునని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

ఆ సాయంత్రం గోవర్ధనం బస్సెక్కి కాకినాడ వెళ్లిపోయాడు. నేల మీద నడిచే వాహనమైతే చాలన్నాడు. డాక్టరుగారు పడవలోని గొట్టాల క్లిప్పులన్నీ మళ్లీ ఒక్కొక్కటే బిగించి, చివరిది బిగించగానే కూర్చున్నచోటే నిద్రపోయారు. నుదుటి మీద లైటు వెలుగుతూనే ఉంది. భ్రమరాంబగారు దాన్ని మెల్లగా విప్పి ఆర్పారు. ఆయన కాళ్ల మీద దుప్పటి కప్పారు. తర్వాత నేల చెక్క ఎత్తి, అడుగున చెయ్యి పెట్టి చూశారు. పొడిగా ఉంది. ఆ తడిలేని వేళ్లతో నా పిడిని ఒకసారి తట్టి చెక్క మూశారు.

మెట్లెక్కి, పైనున్న చిన్న తలుపు దగ్గర కాసేపు హార్బరు దీపాలు చూస్తూ నిలబడ్డారు. చలిగాలి వస్తోంది. ఆయన నిద్ర చెడకుండా, గడియ చప్పుడు కాకుండా, ఆ చిన్న తలుపు లోపలికి లాగి మూశారు.